పాత యంత్రం కడుపులోని దుమ్ము



కొత్తపేటలో మా ఇంటి వెనుక వసారాలో ఇప్పుడు 11 వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా నేను కొత్తగా కొన్నది కాదు. కొన్ని రావులపాలెం, రాజమహేంద్రవరం పాత సామాన్ల కొట్లలో దొరికినవి. మరికొన్ని బంధువులు అటక మీద నుంచి దించి ఇచ్చినవి. వాటిని విప్పి, కడిగి, మరమ్మతు చేసి మళ్ళీ నడిపించడం ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవడిన వ్యాపకం. ఇది ఒక పొరపాటుతో మొదలైంది. అటువంటి పొరపాటు మీ ఇంట జరగకూడదనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా ఇంటావిడకు చాలా కాలంగా ఉబ్బసం ఉన్నది. చీపురుతో ఊడిస్తే లేచే దుమ్ము ఆమెకు పడదు. అందుచేత చవకగా వచ్చిన ఒక పాత యంత్రాన్ని కొని తెచ్చి, పడకగది తలుపులు మూసి, బూరుగుదూది పరుపును శ్రద్ధగా శుభ్రం చేశాను. ఆ రాత్రి రెండు గంటలకు ఆమెకు ఆయాసం వచ్చింది. ఛాతీలో పిల్లికూతలు, ఇన్‌హేలర్‌తో లొంగలేదు, నెబ్యులైజర్ పెట్టవలసి వచ్చింది. తెల్లవారి కాస్త తేరుకున్నాక ఆమె, "పరుపులో ఉన్నదంతా తీసి గదిలో పోసినట్టున్నారండీ" అన్నది. దుమ్ముకు దూరంగా ఉండండని వేలమంది రోగులకు చెప్పిన వైద్యుడిని. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ఉదయమే యంత్రాన్ని విప్పాను. లోపలి గుడ్డసంచి కుట్టు దగ్గర చిరిగి ఉన్నది. గాలి బయటకు పోయే చోట ఉండవలసిన వడపోత అసలే లేదు. ఆమె అన్నమాట అక్షరాలా నిజం.

మనం దీనిని దుమ్మును పీల్చే యంత్రం అనుకుంటాము. నిజానికి ఇది గాలిని పీల్చి, ఆ గాలినే మరొక వైపు నుంచి వదిలే యంత్రం. లోపలి పంకా వేగంగా తిరిగి పీడనాన్ని తగ్గిస్తుంది; బయటి గాలి దుమ్ముతో సహా గొట్టంలోకి వస్తుంది. దుమ్మును ఆపేది మధ్యనున్న సంచి, వడపోతలే. అవి పాడైతే ఇసుక, వెంట్రుకలు లోపల నిలుస్తాయి. కంటికి కనబడని సన్నని ధూళి వెనుక నుంచి వేగంగా బయటపడి గంటల తరబడి గదిలో తేలుతుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరగలిగేది ఆ సన్నని ధూళియే. మంచి హెపా వడపోత 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాలను సైతం 99.97 శాతం ఆపగలదు. కాని దాని చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండి పగిలితే గాలి ఆ సందు నుంచే పోతుంది.

ఈ యంత్రానికీ ఉబ్బసానికీ పాత బంధుత్వం ఉన్నది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. దుమ్ము బాధ పడలేక 1907లో ఒక పంకా మోటారు, పెట్టె, చీపురుకర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రాన్ని తయారు చేశాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులను హూవర్ కుటుంబం కొన్నది. మన దేశంలో 1982లో ఏర్పడిన యురేకా ఫోర్బ్స్ సంస్థ ప్రతినిధులు ఇంటింటికీ తిరిగి ఈ యంత్రాన్ని మధ్యతరగతికి పరిచయం చేశారు. ఆ తరం యంత్రాలే ఇప్పుడు అటకల మీద నుంచి దిగుతున్నాయి.

మన కోనసీమకు ఈ విషయం మరింత ముఖ్యం. కాలువలు, కొబ్బరితోటలు, వానలు కలిసి ఇక్కడి గాలిలో తేమను నిలిపి ఉంచుతాయి. పరుపులలో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్లు సాలీడు కుటుంబానికి దూరపు చుట్టాలు. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతు. మన చర్మం నుంచి రాలే పొట్టు వాటి ఆహారం. అవి నీరు త్రాగవు. గాలిలోని తేమనే గ్రహించి బ్రతుకుతాయి. వాటి విసర్జన కణాలు చాలామందికి ఉబ్బసాన్ని రేపుతాయి. పాత యంత్రం సంచిలో మరొకరి ఇంటి మైట్లు, బూజు కూడా ఉంటాయని మరువకండి.

కనుక పాత యంత్రం కొంటే ఈ జాగ్రత్తలు పాటించండి. ప్లగ్గు తీసి, ఆరుబయట, ఎన్-95 మాస్కు ధరించి విప్పండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పని చేయరాదు, దగ్గర ఉండరాదు. పాత సంచిని తడిపి, పాలిథీన్ కవరులో కట్టి పారవేయండి, నోటితో ఊదకండి. ప్లాస్టిక్ భాగాలను సబ్బునీటితో కడిగి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. కాగితపు వడపోతను కడగకుండా కొత్తది వేయండి. పగిలిన గొట్టం, రబ్బరు పట్టీలు మార్చండి. మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగి నల్లని పొడి రాలుస్తాయి. ఆ పనిని, తీగల పనిని మోటారు వైండింగ్ తెలిసినవారికి అప్పగించండి. అమెరికా నుంచి తెచ్చిన 110 వోల్టుల యంత్రాన్ని మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది.

చివరగా ఒక పరీక్ష. చీకటి గదిలో యంత్రాన్ని నడిపి, గాలి వెలువడే చోట టార్చి వేయండి. ఆ వెలుగులో ధూళి పొగలా లేస్తున్నట్లయితే ఆ యంత్రం ఇంట్లో వాడదగినది కాదు.

యంత్రం ఎంత మంచిదైనా దాని ఒక్కదానితోనే ఉబ్బసం తగ్గదు. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. నేలను తడిగుడ్డతో తుడవాలి. వైద్యుడు చెప్పిన ఇన్‌హేలర్‌ను మానకూడదు. అటక మీది ఎలుక పెంటికలను యంత్రంతో పీల్చకుండా, బ్లీచింగు నీటితో తడిపి తుడిచివేయాలి.

ఇప్పుడు నేను శుభ్రం చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంటాయి. మా ఇంటావిడ ముందరి అరుగు మీద కూర్చుంటుంది. ఆ మొదటి యంత్రాన్ని మాత్రం నేను బాగు చేయలేదు. దాని చిరిగిన సంచిని కవరులో కట్టి, పక్కనే వ్రేలాడదీశాను. పాత యంత్రం అడగడానికి ఎవరు వచ్చినా ముందు దానినే చూపిస్తాను.