స్టార్టర్ డబ్బాలో అంకెలు ఎవరివి?

యాసంగి నీళ్లు మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. మీ బోరు మోటరు డిజిటల్ డబ్బా దగ్గరికి పోయి, అందులో ఉన్న అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మనలో చాలామందికి అవేందో తెలియదు. మెకానిక్ వచ్చిండు, నాలుగు బటన్లు నొక్కిండు, పోయిండు. కొందరైతే పాస్‌వర్డ్ పెట్టి, అది చెప్పకుండానే పోతరు. డబ్బా మనది, పైసలు మనవి, పాస్‌వర్డ్ మాత్రం ఆయన దగ్గర!

నా డబ్బాకు సెట్ బటన్ ఒకటి, పైకి కిందికి బాణాలు రెండు. సెట్ నొక్కి పట్టుకుంటే అంకె మిణుకుతది. బాణంతో మార్చి, మళ్లీ సెట్ నొక్కితేనే కొత్త అంకె ఎక్కుతది. ఊకనే వదిలేస్తే కాసేపటికి పాతదే వస్తది. చుక్క కూడా చూసుకోండి. ఎండలో అది కనపడక 9.5ని 95 అని చదివి కంగారుపడ్డోళ్లున్నరు. చేతులు పొడిగా, కాళ్లకు చెప్పులు, ఇది చెప్పక్కర్లేదనుకుంట.

అసలు సంగతి డ్రై రన్. నాది 5 హెచ్‌పీ. నిండుగా పోసేటప్పుడు 9 ఆంప్స్ చూపిస్తది. బోరులో నీళ్లు అయిపోయి గాలి తన్నితే 6 దగ్గరికి పడుతది. అందుకని 7.2 పెట్టుకున్న. పక్క చేను బావది కూడా 5 హెచ్‌పీయే, కానీ ఆయన మోటరు నిండుగా పోసినా 7.5 దాటదు. నా అంకె ఆయనకు పెడితే నీళ్లుండంగనే మాటిమాటికి ఆగుతది. ఆయన 5.8 నాకు పెడితే ఇంకా ఘోరం, నీళ్లు లేకున్నా నా మోటరు తిరుగుతనే ఉంటది. సబ్‌మర్సిబుల్ మోటరును చల్లబరిచేది ఆ నీళ్లే కదా. కాలినంక పైపులు లాగుడు, రీవైండింగ్, మళ్లీ దించుడు, ఈలోపు మడి ఎండుడు. కాబట్టి ఎవరి ఆంప్స్ వాళ్లు చూసి పెట్టుకోవాలె. ఆగినంక ఎన్ని నిమిషాలకు మళ్లీ ఎత్తాలనేది కూడా మీ బోరు ఊరే వేగాన్ని బట్టే. వానకాలం పెట్టింది ఏప్రిల్‌లో పనికిరాదు.

ఎండాకాలం ఇంకో తిప్పలు. 415 ఉండాల్సిన వోల్టేజీ పడిపోతే ఆంప్స్ పెరుగుతయి, డబ్బా ఆపుతది. అప్పుడు కొందరు ఓవర్‌లోడ్ అంకెను 10.5 నుంచి 12కు, 13కు జరుపుకుంట పోతరు. డబ్బా ఆగదు గానీ కాయిల్ మాడుతది.

ఇక ఆటో సంగతి. 2018 జనవరి 1న మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పిన్రు. ఇప్పుడు అదే ఆటో డిజిటల్ డబ్బాలోనే ఉంటున్నది. కరెంటు పోయి రాంగనే అన్ని మోటర్లు ఒక్కసారే లేస్తే, ఒక్కొక్కటి నడిచేదానికి ఎన్నో రెట్లు గుంజుతది. ఫ్యూజులు ఎగురుతయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతది. ఆటో వద్దనేదే నా మాట. ఒప్పుకోనోళ్లు కనీసం ఆలస్యం అంకెలన్న వేరువేరుగా పెట్టుకోవాలె.

మా ట్రాన్స్‌ఫార్మర్ కింద 11 మోటర్లు. ఒకరికి 20 సెకన్లు, ఇంకొకరికి 35, తర్వాత 50, ఇట్ల పంచుకున్నం. ఒక కాక మాత్రం నాదే ముందు లేవాలని 5 మీది నుంచి కదలడు. పోనీ, పెద్దమనిషి. ఇంకా రెండు డబ్బాలు మిగిలినయి. వాటికి పాస్‌వర్డ్ ఉన్నది, పెట్టిన మెకానిక్ ఫోన్ ఎత్తుతలేడు.