మా ఇంటికి తగిన కొండ

నెల్లూరులో మే నెల అంటే ఏమిటో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అనుభవించనివాళ్ళకు చెప్పినా తెలియదు. ఆ ఎండలో పిల్లలిద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టడం కంటె పెన్నకు ఆనకట్ట కట్టడం తేలిక. అందుకని ఉగాదినాడు, బొబ్బట్టు నోట్లో ఉండగా, "ఈ సెలవుల్లో మిమ్మల్ని కారులో కొండమీదికి తీసుకుపోతాను" అని మాట ఇచ్చేశాను. నోట్లో తీపి ఉన్నప్పుడు మనిషి మాటలు పొదుపుగా వాడడు సుమండీ!

మాట ఇవ్వడం ఒక్క నిమిషం పని. ఏ కొండ అన్నది తేల్చడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

మా ఆవిడ ఊటీ అన్నది. పెళ్ళయిన కొత్తలో తీసుకుపోతానని నేను చేసిన వాగ్దానం ఒకటి ఆ పద్దులో బాకీ ఉన్నది. మా బావమరిది ఫోనులో కొడైకెనాల్ తప్ప కొండే లేదన్నాడు. ఎదురింటి మేష్టారు అరకు పేరు చెప్పి, బొర్రా గుహలు చూడని జన్మ వ్యర్థమని తీర్మానించారు. ముగ్గురూ చెప్పింది నిజమే. ఆ మూడూ మంచి చోట్లే. నేనే ఎటూ తేల్చుకోలేక కాగితం, పెన్సిలూ తీసుకుని కూర్చున్నాను.

మా అమ్మ మాత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "మీ ఇష్టం అబ్బయా! నేను ఇంట్లో ఉంటాలే" అన్నది. ఆమెకు 72 ఏళ్ళు. నాన్నగారు పోయి పధ్నాలుగు నెలలయింది. ఈ పధ్నాలుగు నెలల్లోనూ ఆమె వీధి చివర గుడి దాటి వెళ్ళలేదు.

నాకు అంతకంటె ఆశ్చర్యం కలిగించింది మా పెద్దవాడు. వాడికి ఆరేళ్ళు. కొండ అనగానే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడు మెల్లగా వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, "నేను కూడా అవ్వతో ఉంటాను. మీరు పోయి రండి" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం మేము తమిళనాడులోని ఏలగిరికి బయలుదేరాం. ఆ ఘాట్‌రోడ్డులో గుండుసూది వంపులు పధ్నాలుగు. ఆ రోజు తప్పంతా మాదే. ఉదయం వెళ్ళవలసినవాళ్ళం మిట్టమధ్యాహ్నం కొండ మొదలుకు చేరాం. దారిలో వాడికి కడుపు నిండా పూరీలు పెట్టాం. అల్లరి చేయకుండా ఉంటాడని చేతికి ఫోనిచ్చి బొమ్మలు పెట్టాం. ఎనిమిదో వంపు దగ్గర వాడికి మొదలయిన వాంతులు ఆగలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. కొండ ఎక్కకుండానే వెనక్కి తిరిగాం. ఆ సంగతి తెలిసి బంధువుల పిల్లలు వాడికొక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. పిల్లల పరిహాసం పెద్దల పరిహాసం కంటె పదునుగా ఉంటుంది. అప్పటినుంచీ కారు తాళాల చప్పుడు వింటే చాలు, వాడు పెరట్లోకి పోతాడు.

కాబట్టి ఈసారి నేను వెతకవలసింది అందమైన కొండను కాదు. మావాడు ఎక్కగలిగిన కొండను.

ముందు ఈ వాంతుల సంగతి కాస్త చదివాను. చెవి లోపల మనిషి నిలకడను కనిపెట్టే భాగం ఒకటి ఉంటుంది. కారు వంపు తిరిగినప్పుడు అది "కదులుతున్నాం" అని మెదడుకు చెబుతుంది. కళ్ళేమో ముందు సీటు వీపునో, చేతిలోని ఫోనునో చూస్తూ "లేదు, ఉన్నచోటనే ఉన్నాం" అంటాయి. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే న్యాయాధిపతి ఏమవుతాడు? ఆ గందరగోళమే కడుపులో తిప్పడం. రెండేళ్ళ లోపు పిల్లలకు ఇది అంతగా ఉండదు. రెండు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు ఎక్కువ. పెద్దయినకొద్దీ చాలామందికి తగ్గుతుంది. అంటే మావాడిలో లోపమేమీ లేదు. వాడి వయస్సే అది. ఈ ముక్క వాడికి అర్థమయ్యేట్టు చెబితే, "అయితే నేను పెద్దయితే పోతుందా?" అని మూడుసార్లు అడిగాడు.

ఇక కాగితం మీద లెక్క వేశాను. నెల్లూరు నుంచి ఊటీ సుమారు 700 కిలోమీటర్లు. కొడైకెనాల్ కూడా అంతే. అరకు 700 దాటుతుంది. ఆరేళ్ళవాడినీ, మూడేళ్ళ పిల్లనూ పెట్టుకుని రోజుకు నాలుగు గంటలకు మించి కారులో కూర్చోబెట్టకూడదనుకుంటే, పోవడానికే మూడు రోజులూ, రావడానికి మూడు రోజులూ. నాకున్న సెలవు అయిదు రోజులు.

రెండో లెక్క ఎత్తు. ఊటీ 2,240 మీటర్లు. కింద మేట్టుపాళయం ఎత్తు మూడువందల చిల్లర. మధ్యలో యాభై కిలోమీటర్ల దారిలో సుమారు 1,900 మీటర్లు ఒక్క ఊపున ఎక్కాలి. పైగా, 2024 మే నెలలో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుల మీద ఊటీకీ కొడైకెనాల్‌కూ వాహనాలకు ముందుగా ఈ-పాసు తీసుకునే పద్ధతి వచ్చింది. అదేమంత కష్టం కాదు గాని, ఎండాకాలంలో ఆ కొండల మీద ఎంత రద్దీ ఉంటుందో దాన్నిబట్టే తెలుస్తుంది. వంపుల్లో బండ్లు బారులు తీరి ఆగి ఆగి కదులుతూ ఉంటే మావాడి గతి ఏమిటి?

ఈ లెక్కలు పైకి చదువుతూ ఉంటే మా ఆవిడ, "కొండకు పోవాలంటే కొలతబద్ద పట్టుకుపోవాలా ఏమిటండీ?" అన్నది. అయినా ఆమె కూడా దగ్గరకు జరిగి కాగితంలోకి చూసింది. చూసి, "దగ్గర్లో మనవైపే ఏదీ లేదా?" అన్నది.

ఉన్నది. మదనపల్లెకు 29 కిలోమీటర్ల దూరంలో హార్స్‌లీ కొండ. ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఇందులో ఒక సుళువు కనిపించింది నాకు. మదనపల్లె పట్టణమే ఎత్తయిన నేలమీద, దాదాపు 700 మీటర్ల మీద ఉన్నది. అంటే తిరుపతి దాటాక భాకరాపేట ఘాటు దగ్గర ఒక మెట్టు ఎక్కుతాం. మధ్యలో పీలేరు, వాయల్పాడు మీదుగా పోయే దారిలో కడుపు కుదుటపడుతుంది. చివర అయిదారువందల మీటర్ల రెండో మెట్టు. ఒకే పెద్ద నిచ్చెనకు బదులు రెండు చిన్న నిచ్చెనలన్నమాట. మొత్తం దూరం సుమారు 300 కిలోమీటర్లు. తిరుపతిలో ఒక రాత్రి ఆగితే, ఏ రోజూ నాలుగు గంటలకు మించదు.

"మరి చల్లగా ఉంటుందా?" అన్నది మా ఆవిడ. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఊటీలో పధ్నాలుగు డిగ్రీలు తగ్గితే, ఇక్కడ ఎనిమిది తగ్గుతాయి. "స్వెట్టర్ల ఖర్చు కలిసివస్తుంది" అన్నాను. ఆమె నవ్వలేదు గాని, కాదనలేదు.

అప్పుడు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, మా అమ్మ అడిగింది: "మదనపల్లె అంటే, ఆరోగ్యవరం దగ్గరే గదా?"

ఆరోగ్యవరం అన్న పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. 1915లో మదనపల్లె దగ్గర తెరిచిన క్షయ ఆస్పత్రి అది. పొడిగాలి ఆ రోగానికి మేలు చేస్తుందని ఆ రోజుల్లో నమ్మకం. ఆ పేరు చెప్పుకోవడానికే జనం వెనకాడేవారు. మా అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు, 1961లో, వాళ్ళ నాయన ఏడాదికి పైగా అక్కడ ఉన్నారట. పిల్లల్ని తీసుకుపోలేదు. వారం వారం కార్డు వచ్చేదట. అందులో, ఇక్కడికి దగ్గర్లో ఏనుగు మల్లమ్మ కొండ అని ఒకటుందనీ, నయమయ్యాక అందర్నీ దానిమీదికి తీసుకుపోతాననీ రాసేవారట. ఆయనకు నయమయింది. ఇంటికి వచ్చారు. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు బతికారు. కొండకు మాత్రం పోలేదు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు, పొలం తగాదాలు, సంసారం - కొండకు తీరికేదీ?

"ఆ ఏనుగు మల్లమ్మ కొండే అమ్మా, ఈ హార్స్‌లీ కొండ!" అన్నాను. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర ఎండలకు తాళలేక అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కొండకు దొర పేరు స్థిరపడింది. అసలు పేరు మల్లమ్మది. ఏనుగులు పెంచిన పిల్ల అని కథ.

"అయితే నేనూ వస్తా" అన్నది అమ్మ. అంతటితో కొండ ఖాయమయింది. మావాడు మాత్రం, "ఏనుగులు ఇప్పుడూ ఉన్నాయా?" అని మొదటిసారి ఆసక్తి చూపించాడు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. పిల్లలకు పూరీలు లేవు. రెండేసి ఇడ్లీలు, చట్నీ లేకుండా. ఫోను మా ఆవిడ సంచిలో అడుగున. మూడేళ్ళదాన్ని పిల్లల సీటులో కట్టి, మావాణ్ణి వెనక సీటు మధ్యలో, అద్దంలోనుంచి ముందున్న రోడ్డు కనిపించేట్టు, బెల్టు పెట్టి కూర్చోబెట్టాం. వాడికొక ఉద్యోగం కూడా ఇచ్చాను: వంపు రాబోతున్నప్పుడు "కుడి", "ఎడమ" అని ముందుగా చెప్పడం. రాబోయే వంపు కళ్ళకు ముందే తెలిస్తే చెవికీ కంటికీ తగాదా ఉండదు గదా!

మర్నాడు పొద్దున్నే భాకరాపేట ఘాటు ఎక్కాం. మెల్లగా పోయాను. వెనక బండ్లు హారను కొడితే పక్కకు తీసి దారి ఇచ్చాను. మూడో వంపు దగ్గర వాడి గొంతు సన్నబడింది. అద్దంలో చూశాను. ముఖంలో రంగు పోతున్నది. చోటు చూసి కారు ఆపాం. దిగి, చెట్టు కింద పది నిమిషాలు నిలబడ్డాం. మా అమ్మ వాడి నుదురు తుడిచి, "మా నాయన ఈ దారినే బస్సులో పోయుంటాడురా. దగ్గుతూ పోయుంటాడు. అయినా పోయినాడు గదా!" అన్నది. వాడు కాసేపు ఆలోచించి, తానే వచ్చి కారు ఎక్కాడు. పీలేరు వచ్చేసరికి ఆకలి అన్నాడు. ఆ మాట వినడానికి నేను ఎన్ని లెక్కలు వేశానో వాడికి తెలియదు.

మదనపల్లెలో టమాటా లారీల మధ్యనుంచి బయటపడి, సాయంత్రానికి ముందే చివరి ఘాటు ఎక్కాం. వాడు "కుడి! ఎడమ!" అని అరుస్తూనే ఉన్నాడు. పైకి చేరిన సంగతి వాడే మాకు చెప్పాడు.

కొండమీద గాలిబండ అని పెద్ద రాతిపలక ఉన్నది. పేరు ఊరికే పెట్టలేదు. నిలబడితే పైటచెంగు నిలవదు. సాయంత్రం అక్కడ కూర్చున్నాం. కింద పొలాలూ చెరువులూ చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తున్నాయి. మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, "ఇంత గాలి ఉంటుందని కార్డులో రాయలేదు" అన్నది. ఆ తరువాత నాన్నగారి సంగతి తానే ఎత్తి, ఆయనకు చలి పడేది కాదనీ, వచ్చి ఉంటే రెండు దుప్పట్లు అడిగేవాడనీ చెప్పి నవ్వింది. పధ్నాలుగు నెలల తరువాత ఆయన పేరు తలచి ఆమె నవ్వడం అదే మొదలు.

రెండు రాత్రులు ఉండి, దిగాం. ఎక్కిన గేరులోనే దిగడం, ఎదురెక్కే బండికి దారి ఇవ్వడం - ఈ రెండూ ఘాట్‌రోడ్డులో ప్రాణరక్షణ మంత్రాలు. తిరుగుదారిలో ఆరోగ్యవరం ఆస్పత్రి గేటు దగ్గర ఒక్క అయిదు నిమిషాలు ఆగాం. అమ్మ కారులోనుంచి దిగి, చెట్లకేసి చూసి, ఒక దణ్ణం పెట్టి, "పోదాం పదండి" అన్నది.

పిల్లలతో కొండకు పోదామనుకునే నాబోటి గృహస్థులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కొండను ఎంచుకునేముందు, కారులో ఎవరెవరు కూర్చుంటారో వాళ్ళందరి ముఖాలూ ఒకసారి చూడండి. ఏ కొండకు పోవాలో అక్కడే తెలిసిపోతుంది.

ఇంటికి చేరిన రాత్రి మావాడు నిద్రమత్తులో అడిగాడు: "నాన్నా, వచ్చే ఏడు ఊటీకి ఎన్ని వంపులు?"

నేను జవాబు చెప్పేలోగా మా ఆవిడ లైటు తీసేస్తూ, "నువ్వు లెక్కపెట్టడం నేర్చుకో నాయనా! మీ నాన్న బాకీ నీ చేత్తోనే వసూలు చేయిస్తాను" అన్నది.