చీటీ డబ్బుతో పిస్తోలు

ఈసారి చీటీ పాడిన డబ్బుతో నేను పిస్తోలు కొన్నాను.

ఈ మాట చెప్పగానే మా అత్తగారు వత్తులు చేస్తున్న చెయ్యి ఆపి, "ఎవరి మీదికే తల్లీ?" అన్నారు. మా వారు అంత మాట అనలేదు. ఆ పూట పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. దాన్నిబట్టి ఆయన అభిప్రాయం నాకు అర్థమయింది.

ఎవరి మీదికీ కాదండీ. పది మీటర్ల దూరాన నిలబెట్టిన ఒక అట్టముక్క మీదికి. జానెడు కూడా లేని ఆ అట్ట మధ్య నల్లటి చక్రం, ఆ చక్రం నడుమ పది మార్కుల గడి. దాని అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. మా అత్తగారి బొట్టు అంతకన్నా పెద్దది.

నిజానికి ఈ సరదా నాది కాదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ రెండు కంచు పతకాలు తెచ్చినప్పుడు మా అమ్మాయి తానూ పిస్తోలు పడతానంది. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళకే, పెద్దవాళ్ళని ఓడించి జాతీయ ఛాంపియన్ అయిందని కూడా చెప్పింది. సరే కదా అని చేర్పించాం. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. ఇరవై రోజులకి దానికి భుజం నొప్పి, నెలకి విసుగు. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వరట. "పోనీ, మిగతా రోజులు నువ్వెళ్ళమ్మా" అంది వేళాకోళంగా.

కట్టేసిన ఫీజు విషయంలో మధ్యతరగతి ఇల్లాలితో వేళాకోళం ఆడకూడదు. మర్నాడే వెళ్ళాను.

వెళ్ళాక తెలిసింది. పిస్తోలు బరువు ఇంచుమించు కిలో. ఒంటి చేత్తోనే పట్టాలి, రెండో చెయ్యి సాయం రాకూడదు. ఇంతేనా అనుకునేవాళ్ళు కిలో కందిపప్పు పొట్లం పట్టుకుని, చెయ్యి బారచాపి, అర నిమిషం కదలకుండా నిలబడి చూడండి. పోటీల్లో అలా అరవైసార్లు ఎత్తి దించాలి. నేను కుక్కరు మూడో కూత వేసేదాకా పప్పు పొట్లంతో సాధన చేశాను. పనిమనిషి రెండు రోజులు చూసి, మూడోరోజున పక్కింట్లో చెప్పింది.

గురి చూడడమంటే అట్ట వంక చూడడం అనుకునేదాన్ని. కాదట. పిస్తోలు చివరనుండే చిన్న మొన స్పష్టంగా కనబడాలి, అట్ట మసకబారినా ఫరవాలేదు. నా నలభై ఏడేళ్ళ చత్వారానికి అంతా తిరగబడింది: అట్ట నిగనిగలాడుతూ కనిపిస్తుంది, మొన అలికేసినట్టుంటుంది. చివరికి కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి, చెయ్యి చాపినంత దూరానికి అద్దం రాయించుకున్నాను. "కుట్టుపనికాండీ?" అన్నాడాయన. అవునన్నాను.

కానీ ట్రిగ్గరు మీద వేలు మెల్లిగా బిగుసుకునే ఆ ఏడెనిమిది సెకన్లు ఉన్నాయే, వాటి గురించి ఎవరికి చెప్పినా అర్థం కాదు. పాల లెక్కా, ఆడపడుచు ఫోనూ, మర్నాటి టిఫినూ ఏవీ తలలో ఉండవు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఎవరూ పిలవని ఎనిమిది సెకన్లు నాకెప్పుడు దొరికాయో గుర్తులేదు. ఫీజు గడువు తీరింది. నేను మళ్ళీ కట్టాను, ఈసారి నా పేరున.

"దీనివల్ల ప్రయోజనం ఏమిటి?" అన్నారు మా వారు. ఉత్తరప్రదేశ్‌లో జోహ్‌డీ అనే పల్లెలో చంద్రో తోమర్ అనే ఆవిడ మనవరాలికి తోడుగా వెళ్ళి, అరవై దాటిన వయసులో పిస్తోలు పట్టిందనీ, 2021లో పోయేనాటికి దేశమంతా ఆవిణ్ణి షూటర్ దాదీ అనేదనీ చెప్పాను. "వాళ్ళకి పాడి ఉంటుంది, బలం ఉంటుంది" అన్నారు. ఆ జవాబుకీ నా ప్రశ్నకీ... పోనీలెండి.

ఇక సొంత పిస్తోలు ఎందుకంటారా? క్లబ్బులో ఉన్నవి నాలుగు, వచ్చేవాళ్ళు పదిహేనుమంది. మన వంతు వచ్చేసరికి పిడి ఇంకెవరో మగాడి చేతికి సర్ది ఉంటుంది. ఒకరి చెప్పుల్లో కాళ్ళు పెట్టి నడిచినట్టుంటుంది.

ముందు భయం పోలీసులది. ఆరా తీశాను. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు మించని గొట్టం, 20 జౌళ్ళు దాటని శక్తి ఉన్న గాలి పిస్తోలుకి లైసెన్సు అక్కర్లేదు. పోటీల పిస్తోలు శక్తి ఆ హద్దులో సగం కూడా ఉండదు. మందుగుండు తూటాలు పేల్చేదైతే లైసెన్సు కావాల్సిందే. అది నాకొద్దు. అయినా గాలిదే కదా అని అలుసు పనికిరాదు. కన్ను పోగొట్టడానికి ఆ గాలి చాలు. అందుకే నాది బీరువాలో, తాళం నా కొంగున.

తర్వాత ధరలు. చీటీ మీద చేతికొచ్చింది డెబ్భై వేలు. బజార్లో కొన్ని వేలకే స్ప్రింగు పిస్తోళ్ళు దొరుకుతాయి. ఒకటి కాల్చి చూశాను. గుండు గొట్టం దాటేలోపే చేతిలో ఎగిరిపడింది. ట్రిగ్గరైతే తుప్పుపట్టిన గొళ్ళెం లాగినట్టే. పోటీ పిస్తోలు ట్రిగ్గరుకి కనీసం 500 గ్రాముల బరువు ఆగాలని నిబంధన. దాన్ని ఎలా పరీక్షిస్తారనుకున్నారు? అరకిలో తూనికరాయి లాంటిది ట్రిగ్గరుకి తగిలించి పిస్తోలు పైకెత్తుతారు. రాయి లేవాలి, ట్రిగ్గరు జారకూడదు. కూరలవాడి దగ్గర పాతికేళ్ళుగా తూకం చూస్తున్నదాన్ని, ఈ ఒక్క విషయం మాత్రం చెప్పగానే బుర్రకెక్కింది. అటు మొరీనీ, స్టయర్, వాల్తర్ లాంటి విదేశీ పేర్లేమో కొత్తవి లక్షన్నర పైమాటే.

మా కోచ్ ఒక మంచిమాట చెప్పాడు: "డబ్బంతా పిస్తోలుకే పెట్టకండమ్మా. గుళ్ళకి ఉంచుకోండి." నేనది ఇంటికొచ్చి చెబితే అత్తగారి ముఖం విప్పారింది. "ఆ అబ్బాయెవరో బుద్ధిమంతుడు. అన్నవరానికీ ఉంచు, యాదగిరిగుట్టకీ ఉంచు" అన్నారు. ఆ గుళ్ళు కాదు అత్తయ్యా, సీసం గుళ్ళు. డబ్బాకి ఐదువందలు, వారం పది రోజులకి ఖాళీ. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోందే ఏదీ తినకూడదన్నప్పుడు మాత్రం, "అది మన మడిలాగే ఉంది" అని మెచ్చుకున్నారు.

మిగిలిన దారి పాతది కొనడం. క్లబ్బులో ఎవరో చెబితే నాచారంలో ఒకరింటికి వెళ్ళాను. తలుపు తీసింది పిస్తోలు అబ్బాయి తల్లి. కాఫీ ఇచ్చింది. నల్లటి పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి మూత తీసింది. పట్టుచీర చూపించినట్టు కింద తువ్వాలు కూడా పరిచింది. ఎనభై వేలంది.

పిస్తోలు గురించి నాకు తెలిసింది తక్కువ. సిలిండరు గురించి తెలుసు. గ్యాసుబండ తీసుకునేటప్పుడు మెడ దగ్గర తేదీ చూడకుండా లోపలికి రానివ్వను నేను. ఇందులో గాలి నింపే చిన్న సిలిండర్లు రెండున్నాయి. లోపల గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి సుమారు తొంభై రెట్లు. చత్వారం అద్దం తీసి చూశాను. ఒకదాని మీద 2012, రెండోదాని మీద 2019. వీటికి తయారీ నుంచి పదేళ్ళే గడువని కోచ్ ముందే చెప్పాడు.

"ఇది తీరిపోయిందండీ. పారెయ్యాల్సిందే. రెండోది 2029 దాకా" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టు అయిపోయింది పాపం. కొత్త సిలిండరు ధర కనుక్కునే వచ్చాను కాబట్టి బేరం గట్టిగానే ఆడాను. అరవై ఐదు, యాభై ఐదు, చివరికి యాభై ఎనిమిది దగ్గర తెగింది. మిగిలిన పన్నెండు వేలూ గుళ్ళకి.

పెట్టె మూస్తూ ఆవిడ అంది: "మేమే ఆపించామండీ. ఇంటర్‌లో చేరాక ఇక టైము దొరకదని. వాడేం గొడవ చెయ్యలేదు. ఇప్పుడు వరంగల్లులో ఇంజనీరింగు. అమ్మేయనా అని ఫోన్లో అడిగితే నీ ఇష్టం అన్నాడు." కాసేపాగి, "గొడవ చేసినా బాగుండేది" అంది.

అప్పటికి నేను పిడి చూస్తున్నాను. కొయ్యపిడి, బొటనవేలు దగ్గర ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి ఉంది. పదిహేనేళ్ళ కుర్రాడు తన చేతికి సరిపోయేలా చేసుకున్న గుంట. అందులో నా వేలు వదులుగా తిరుగుతోంది. యాభై ఎనిమిది వేలు లెక్కపెడుతూ, ఇంకో రెండు వేలు తగ్గించమందామనుకున్న మాట మింగేశాను.

ఇంటికొచ్చాక వారం రోజులు ఆ గుంట ముట్టుకోలేదు. తర్వాత తప్పలేదు. కొయ్యలుప్పం తెచ్చి నింపి, ఆరాక గరుకుకాగితంతో నా వేలికి సరిగ్గా రుద్దుకున్నాను. ఆ నెలలో నా లెక్క అరవై గుళ్ళకి 498 దాకా వచ్చింది. పతకాలవాళ్ళు 570 దాటిస్తారు. నవ్వకండి.

సంక్రాంతి సెలవులకి ఆ అబ్బాయి వచ్చాడట. తల్లీకొడుకులిద్దరూ క్లబ్బుకి వచ్చారు. నా పిస్తోలు చేతికిచ్చాను. పిడి పట్టుకుని, వేలు అటూ ఇటూ జరిపి, "నాకిప్పుడు పట్టదాంటీ" అని నవ్వి తిరిగి ఇచ్చేశాడు. కోచ్ క్లబ్బు పిస్తోలు ఒకటి తెచ్చి పిడి వదులుచేసి ఇచ్చాడు.

గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అరవై గుళ్ళూ అయ్యేదాకా వాళ్ళమ్మ బెంచీ మీంచి లేవలేదు. గుళ్ళ డబ్బా నాదే. లెక్క మాత్రం నేనడగలేదు.