వాటర్ పేపరు

గిన్నెలు తోమడం ఆడవాళ్ళ పని, కార్లు తోమడం మగవాళ్ళ పని అని లోకం ఎప్పుడో పంచేసింది. చింతపండుకీ వాటర్ పేపరుకీ ఉన్న తేడా తప్పిస్తే రెండింటి సూత్రం ఒకటేనని ఈ మధ్య మా ఇంటి ముందే తెలిసింది.

వన్ టౌన్‌లో, అందులోనూ బురుజుపేట సందుల్లో, కారుండడమే ఒక సాహసం. మాకున్నది మరీ అంబాసిడర్, మార్క్ టూ. మా మామగారు 1972లో కొన్నారు. ఆ ఏనుగుని బయటికి తియ్యాలంటే అటువాళ్ళు అరుగు మీంచి కాళ్ళు పైకి తీసుకోవాలి, ఇటువాళ్ళు ముగ్గు చెరిగిందని సణుక్కోవాలి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం పోటెత్తితే ఇక కదిలే ప్రసక్తే లేదు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద పుట్టిన ఆ బండి జాతి కూడా 2014 మే నెలలో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా కార్ఖానాతోపాటు ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎవరింటి రేకునో తెచ్చి మా బండి టాపు మీద పడేసి వెళ్ళింది. అయినా బండి మిగిలింది. రంగే పోయింది.

ఒకప్పటి ముదురు నీలం సున్నం కలిపినట్టు తెల్లబారిపోయింది. వేలితో రాస్తే పొడి అంటేది. యాభై ఏళ్ళ ఎండ, సముద్రపు ఉప్పుగాలి, వానా కలిసి చేసిన నిర్వాకం అది.

"మొత్తం గీకించి తెల్లరంగు కొట్టిద్దాం" అన్నారు మావారు. మా అబ్బాయి సై అన్నాడు. మా అత్తగారు మాత్రం, "అప్పుడది మన కారెలా అవుతుందిరా?" అన్నారు.

"అదేమిటమ్మా! యాభై ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్ బళ్ళ కింద రిజిస్టరు చేసుకోవచ్చని 2021లో కేంద్రం రూలు తెచ్చింది. చాసిస్సు, బాడీ, ఇంజను మార్చకూడదన్నారు గానీ రంగు జోలికి రాలేదు" అని మావారు లా పాయింటు తీశారు.

"రూలు పెట్టినవాళ్ళు మీ నాన్నని చూశారా?" అన్నారావిడ. కోర్టు వాయిదా పడింది.

తీర్పు చెప్పింది రంగుల మేస్త్రీ. అరచేత్తో డోరు మీద రాసి చూసి, "రంగు సావనేదు బాబుగోరూ. మీద పొరే సచ్చింది. అది తీసేత్తే కిందది బతికే ఉంది" అన్నాడు. ఇప్పటి కార్లకి రంగు మీద గాజులాంటి పారదర్శకమైన పూత ఇంకొకటి ఉంటుందట. ఆ కాలపు బళ్ళకి అదేం లేదు, పైనా కిందా అంతా ఒకటే రంగు. అందుకే మాసిన పొరని గీసేస్తే అడుగున అసలు నీలం దొరుకుతుంది.

మర్నాడు రెండు బకెట్ల నీళ్ళతో పని మొదలైంది. ముందు బండికి సబ్బునీళ్ళ స్నానం, ఒక్క ఇసక రేణువు మిగలకుండా. మడ్‌గార్డుల అంచులకి టేపు, అంచుల దగ్గర రంగు మరీ పల్చన గనక. బకెట్లో ముందే నానేసిన నల్ల కాగితాన్ని రబ్బరు ముక్కకి చుట్టి, చెయ్యి బరువు వెయ్యకుండా, తిన్నగా అటూ ఇటూ రుద్దడం. నాలుగు రుద్దులకోసారి నీళ్ళలో జాడించడం. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన. నాలుగొందలది మొరటుపనికి. మా బండికి పదిహేను వందలది, తర్వాత రెండు వేలది వాడాడు.

పొడిగా రుద్దితే రంగుపొడి కాగితాన్ని పట్టేసి గీతలు పెడుతుందట. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పాత రంగుల్లో సీసం ఉండేది, ఆ దుమ్ము పీలిస్తే ప్రమాదం. నీళ్ళలో తడిసినా చెడని ఈ కాగితాన్ని 1921లో అమెరికాలో త్రీ ఎమ్ కంపెనీ తెచ్చాక, కార్ల షెడ్లలో ఆ దుమ్ము బాధ చాలా తగ్గింది. మీ ఇళ్ళలో ఎప్పుడైనా పాత తలుపుల రంగు గీకిస్తే, పిల్లల్ని దూరంగా ఉంచి, తడిపి గీకమనండి.

సాయంత్రానికి కారు ముందుకన్నా అధ్వాన్నంగా, బూడిద పూసుకున్న బైరాగిలా తయారైంది. మావారి మొహమూ అలాగే ఉంది. మేస్త్రీ మాత్రం తాపీగా బీడీ కాల్చుకుని, రబ్బింగు కాంపౌండు అద్దిన గుడ్డతో బానెట్టు మీద ఓ మూల రుద్దడం మొదలుపెట్టాడు. గుడ్డకి నీలం అంటింది. ఆ మూల నీలం తేలింది. ఎదురింటి మేడ, కరెంటు స్తంభం, మా అబ్బాయి తెరిచిన నోరు అన్నీ అందులో కనిపించాయి!

అప్పుడన్నాడతను ఆ మాట. "అమ్మా, ఈ పని ఈ పాలికి సాగింది. మరోపాలి సేత్తే అస్తరు తేలిపోద్ది."

నాకు గుండె కలుక్కుమంది. కారు మీద రంగు మొత్తం మందం ఒకటి రెండు తలవెంట్రుకలంత. అందులో కొంత ఎండ తిన్నది, కొంత మనం మెరుపు కోసం తీసేశాం. మెరుపనేది పైనుంచి పూసేది కాదు, ఉన్నదాంట్లోంచి ఖర్చుపెట్టి తెచ్చుకునేది. వెండిపూత కుంకుమభరిణెని పండగ పండగకీ తళతళలాడేలా తోమి తోమి, చివరికి ఇత్తడి చూసుకున్న ఇల్లాళ్ళకి ఈ లెక్క ఒకరు చెప్పాలా?

డ్రైవరు వైపు డోరు మీద, అద్దం కింద, అరచేతి వెడల్పున రంగు పూర్తిగా పోయి అస్తరే కనిపిస్తుంది. "ఇక్కడ కూసింత టచింగు ఏసేత్తాను మామ్మగోరూ, ఆనవాలుండదు" అన్నాడు మేస్త్రీ.

"వద్దు నాయనా. ఆయన మోచెయ్యి ఆనించి నడిపే చోటది" అన్నారు అత్తగారు. ఎవరం మాట్లాడలేదు. మావారు కాసేపు ఆ డోరునే చూస్తూ నిలబడి, తెల్లరంగు మాట మళ్ళీ ఎత్తలేదు. అక్కడ తుప్పు పట్టకుండా మేస్త్రీ మైనం మాత్రం రెండుసార్లు దట్టంగా పట్టించాడు.

ఇప్పుడా బండికి మా ఇంట్లో కొత్త చట్టాలొచ్చాయి. పొడిగుడ్డతో తుడవకూడదు, దుమ్మే గీతలు పెడుతుంది. నీడన ఉంచాలి. అప్పుడప్పుడూ మైనం పట్టించాలి. ఉన్న రంగుని ఉన్నన్నాళ్ళు కాపాడుకోవడమే ఇక మన పని. మెరిసిపోవాలని ఎవరికైనా మరీ సరదాగా ఉంటే, వంటింట్లో ఇత్తడి బిందెలున్నాయి. ఎంత తోమినా లోపల కూడా ఇత్తడే!