చార్జింగ్ అయిపోతే..?

'ఈ వయసులో కొండల్లో సైకిలేంది? మోకాళ్లు ఊరుకుంటాయా?'
భార్య మాటకి జమ్మలమడుగు లెక్కల సార్ నవ్వి ఊరుకున్నారు.

కుర్రతనంలో ఆదివారం వస్తే చాలు, సద్దిమూట హ్యాండిల్‌కి తగిలించుకుని 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు సైకిలు మీద వెళ్లిపోయేవారాయన. కోట చుట్టుపక్కల బండల మీద, కంపచెట్ల మధ్య, గొర్రెల కాపరులు నడిచే దారుల్లో పొద్దుగూకేదాకా తిరుగుడే! పెన్న లోయ అంచున కూర్చుని సద్ది తింటే ఆ రుచే వేరు. రిటైరయ్యాక ఆ దారులు మళ్లీ గుర్తుకొచ్చాయి. మనసు సరేనంది, మోకాళ్లే ఒప్పుకోలేదు. అందుకే కరెంటు సైకిలు ఆలోచన.

ఇక చూడండి, ఇంట్లో తలా ఒక సలహా!

ప్రొద్దుటూరులో ఉండే కొడుకు 'స్కూటర్ కొనిస్తాలే నాయనా' అన్నాడు. రాళ్లదారిలో ఆ చిన్న చక్రాలు ఎంత దూరం పోతాయి? మనవడేమో ఫోన్లో షాక్‌వేవ్ బొమ్మ చూపించాడు. బెంగళూరు సంస్థ అల్ట్రావయొలెట్ 2025 మార్చిలో ప్రకటించిన బైకు అది. గుట్టలూ మిట్టలూ ఎక్కడం కోసమే రూపొందించారు.

'బరువెంతరా?'
'120 కిలోలు తాతా.'
'అది పడిపోతే ఎవరు లేపుతారు?'
మనవడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

భార్య భయం వేరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయిన సంగతి ఆమె మర్చిపోలేదు. ఆ భయాన్ని సార్ తేలిగ్గా తీసిపారేయలేదు. బ్యాటరీ విడిగా ఊడి వచ్చే సైకిలే కొంటానన్నారు. కంపెనీ చార్జరుతోనే, పగటిపూట, వరండాలో గచ్చు మీద, కళ్లముందే చార్జింగ్. ఎండలో తిరిగొచ్చాక బ్యాటరీ చల్లారేదాకా ప్లగ్గు ముట్టుకోకూడదు. ఈ ఒప్పందం కుదిరాకే ఆమె మెత్తబడ్డారు.

ప్రొద్దుటూరు దుకాణంలో కుర్రాడు 'ఒక్కసారి చార్జింగ్ పెడితే 60 కిలోమీటర్లు సార్' అన్నాడు. లెక్కల సార్ ఊరుకుంటారా? పెన్ను తీశారు. 36 వోల్టుల బ్యాటరీ, 10 ఆంపియర్ అవర్లు. రెండూ హెచ్చిస్తే 360 వాట్ అవర్లు. తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 10 దాకా ఖర్చు. తొక్కకుండా రాళ్లదారిలో పోతే 15 అనుకోవచ్చు. అంటే 24 కిలోమీటర్లే! గండికోటకు రానుపోనే 30 అయితే మరి కొండదారుల మాటేంటి?

'చార్జింగ్ అయిపోతే?' అడిగారు సార్.
'మామూలు సైకిల్లా తొక్కుకుంటూ రావచ్చు సార్.'
ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నారాయన.

పులివెందుల దగ్గర అల్లుడికి చీనీ తోట ఉంది. తోటలో తిరగడానికి పక్క రైతు ఒక కరెంటు సైకిలు కొన్నాడు. దాన్ని అడిగి తీసుకుని గట్టు మీదికి పోనిచ్చారు. మోటారుతో హాయిగా ఎక్కేసింది. రెండోసారి మోటారు ఆపి తొక్కారు. గేర్లు లేని సైకిలు, పాతిక కిలోల బరువు... సగం ఎక్కేసరికి మోకాలు కలుక్కుమంది.

'ఏం మామా, దిగితిరే?' అన్నాడు అల్లుడు.
'కొనకముందే దిగడం మంచిదైంది' అన్నారు సార్.

తిరిగొస్తుంటే పల్లేరుకాయ గుచ్చుకుని వెనక చక్రం పంక్చర్! ఆ చక్రంలోనే మోటారు ఉంది. దానికున్న వైరు చూసి పంక్చర్లేసే అతను తల గోక్కున్నాడు. అదో పాఠం.

చివరికి సార్ కొన్న సైకిలుకు ఏడు గేర్లున్నాయి. గట్లున్న వెడల్పాటి టైర్లు, ముందు షాకబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. మోటారు వైరు మధ్యలో ఊడదీసి పెట్టుకోవచ్చు. ముళ్ల బాధకు ట్యూబుల్లో సీలెంట్ పోయించారు. బ్యాటరీ 13 ఆంపియర్ అవర్లది. 250 వాట్ల మోటారు, 25 కిలోమీటర్ల వేగం దాటగానే సాయం ఆపేస్తుంది కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ గొడవ లేదు. దుకాణం బయట ఎత్తురోడ్డు మీద మోటారు ఆపి రెండుసార్లు తొక్కి చూశాకే డబ్బులిచ్చారు.

చలికాలం ఉదయం, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరారు. తారురోడ్డు మీద ఎక్కువగా తొక్కారు, మోటారు బలం రాళ్లదారి కోసం దాచుకున్నారు. లోయ అంచున కూర్చుని సద్దిమూట విప్పారు. కింద పెన్న ఎప్పట్లాగే ఉంది. ఆ సంబరంలో కాపర్ల దారుల్లో అనుకున్నదానికంటే ఎక్కువే తిరిగేశారు. ఇంకేముంది, జమ్మలమడుగు నాలుగు కిలోమీటర్లుందనగా మోటారు ఆగిపోయింది. చిన్న గేరు వేసుకుని, ఆగుతూ, తొక్కుతూ ఇల్లు చేరారు.

గడపలో భార్య ఎదురుచూస్తున్నారు. 'ఆలస్యమైంది. చార్జింగ్ అయిపోయిందా?'

'దానికి అయిపోయింది' అన్నారు సార్, మోకాలు రుద్దుకుంటూ. 'నాకింకా కాస్త మిగిలింది!'