వాడిన పట్టుచీర వాపసు వస్తే

బుక్కపట్నంలాంటి ఊళ్లో ఒక గృహిణి ఒకటిరెండుసార్లు కట్టిన ధర్మవరం పట్టుచీరను ఆన్‌లైన్‌లో అమ్మితే, కొన్నవారు ‘వద్దు, డబ్బులిచ్చేయండి’ అన్నప్పుడు చట్టం కంటే ముందు మొహమాటమే ఆమెను ఇరుకున పెడుతుంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, క్రమం తప్పని వ్యాపారంగా కాక వ్యక్తిగత హోదాలో అమ్మే మనిషికి వర్తించవు. కనుక పెద్ద కంపెనీలు ఇచ్చే వాపసు గడువును ఆమె కూడా ఇచ్చి తీరాలన్న నిర్బంధం ఆ నియమాల వల్ల కలగదు.

అయితే 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 15వ సెక్షన్, వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలంటుంది. అంటే జరీ నల్లబడిన సంగతి దాచి ‘కొత్తదానిలాగే ఉంది’ అని రాస్తే, ఆ చీరను తిరస్కరించే హక్కు కొన్నవారికి దక్కుతుంది.

అందువల్ల అంచు, కొంగు, మడత చిరుగులు పగటి వెలుతురులో ఫోటో తీసి ముందే చూపడం, వాపసు ఒప్పుకుంటే చీర చేతికందాక పరిశీలించి డబ్బు పంపడం ఇరువురికీ క్షేమం.

లోపమేమీ లేకపోయినా ‘రంగు నచ్చలేదు’ అన్నవారికి డబ్బు తిరిగివ్వడం మర్యాదా, మెతకదనమా?

అమ్మినవారూ కొన్నవారూ కూడా చెప్పవలసిన మాట ఇది.