చెల్లి వరస

తెలుగులో ఒక మనిషితో మాట కలపాలంటే ముందు వరస తేలాలి. ఇంగ్లీషులో అయితే అంకుల్, ఆంటీ, కజిన్ అనే మూడు మాటలతో జీవితం గడిపేయొచ్చు. మనకలా కుదరదు. అమ్మ తరపా నాన్న తరపా, మనకంటే పెద్దా చిన్నా, పెళ్ళి కుదిరే వరసా కాదా, ఇదంతా ఒక్క పిలుపులో చెప్పేయాలి. అందుకే మన ఇళ్ళల్లో రహస్యాలు ఎక్కువకాలం దాగవని నేను చాలా ఏళ్ళు నమ్మాను. మా ఇంట్లో మాత్రం వ్యవహారం తిరగబడింది. ఒక రహస్యాన్ని ముప్ఫై ఆరేళ్ళు కాపాడింది ఆ 'వరస' అనే మాటే.

మాది ఆనందపురం. విశాఖపట్నం దాటి హైవే మీద శ్రీకాకుళం వైపు వెళ్తుంటే వచ్చే జంక్షన్, తెల్లవారుజామున పూల మార్కెట్. బయటివాళ్ళకి ఆ ఊరు గుర్తుంటే ఈ రెండింటి వల్లే. మావాళ్ళు కూడా బంతి, కనకాంబరం వేసేవారు. సముద్రం కనపడని ఊరే కానీ, మా చుట్టుపక్కల చాలా ఇళ్ళకి ఒక దీవితో సంబంధం ఉంది.

అండమాన్ అంటే ఆఫీసులో నా స్నేహితులకి స్కూబా డైవింగ్, హనీమూన్ ప్యాకేజీ. ఉత్తరాంధ్ర ఊళ్ళకి అది పనికెళ్ళే చోటు. "పోర్టుబ్లెయిరు ఎల్లాడు" అన్నమాట మా చిన్నప్పుడు "గాజువాక ఎల్లాడు" అన్నంత మామూలుగా వినపడేది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకెళ్ళేవాళ్ళు, ఇళ్ళు కట్టే పనులకి, రోడ్డు పనులకి కాంట్రాక్టర్లు తీసుకెళ్ళినవాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 13 శాతానికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మన భాషే. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. మా ఊళ్ళో ఇంకా పోర్టుబ్లెయిరే.

దీవిలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. అయితే తెలియడం వేరు, మాట్లాడటం వేరు. అండమాన్ సమాజం పుట్టిందే ఈ తేడా మీద. సెల్యులార్ జైలు గురించి అందరం చదివాం. అది పూర్తయింది 1906లో. అంతకు చాలా ముందే, 1858 మార్చిలో, తొలి ఖైదీలు దిగారు. తర్వాత ఆడ ఖైదీల్నీ పంపారు. వాళ్ళల్లో ఎక్కువమంది హత్య కేసుల్లో శిక్షపడ్డవాళ్ళు. కొన్నేళ్ళు మంచి నడవడితో ఉన్న మగ ఖైదీకి జైలు బయట సొంతంగా బతికే అనుమతి దొరికేది. అతను ఆడవాళ్ళ జైలుకి వెళ్ళి, వరసలో నిలబెట్టిన వాళ్ళలోంచి ఒకామెను చూసుకుని, ఆమె ఒప్పుకుంటే, అధికారి సంతకం పెడితే, పెళ్ళి. అక్కడ వరస అంటే క్యూ! కులం, భాష, ఊరు దాటి చాలా జంటలు అలా కలిశాయి. వాళ్ళ పిల్లలు హిందుస్తానీ మాట్లాడే కొత్త సమాజమయ్యారు. దాని పేరే 'లోకల్ బార్న్'. తాత ఏ నేరం మీద వచ్చాడో పిల్లలకి నిద్రపుచ్చుతూ చెప్పే కథ కాదు కదా. చాలా ఇళ్ళల్లో ఆ ప్రశ్న అడగకపోవడమే మర్యాద.

1942లో జపాన్ సైన్యం దీవుల్ని ఆక్రమించింది. 1945లో బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చాక ఖైదీల కాలనీ ముగిసింది. కానీ 1942 అనే అంకె మాత్రం మిగిలింది. దానికి ముందునుంచీ ఉన్న కుటుంబాల్ని ఇవాళ్టికీ 'ప్రీ-42' అంటారు. అక్కడి ఓబీసీ జాబితాలో ఆ లోకల్ బార్న్‌లు, మోప్లాలు, భంతులు, కరెన్లు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఉన్నారు. అంటే ఒకప్పుడు దాచుకున్న ముత్తాతను ఇప్పుడు కాగితం మీద నిరూపించుకోవాలి. సిగ్గుపడ్డ సంగతే సర్టిఫికెట్ అయింది. ఆ ఐదు పేర్లలో తెలుగు అన్నమాట లేదు. మనవాళ్ళు ఎక్కువగా ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు.

మన వైపు నుంచి శిక్షపడి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. అలాంటి కథలు పుస్తకాలకెక్కాయి. కూలికెళ్ళినవాళ్ళ కథలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి.

మా తాత అలా కూలికే వెళ్ళాడు. 1964లో. మద్రాసు వెళ్ళి ఓడెక్కాడట. తర్వాత రోజుల్లో విశాఖ నుంచే ఓడ దొరికేది. సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. నాయనమ్మ, ఆరేళ్ళ నాన్న, మూడేళ్ళ చిన్నాన్న ఆనందపురంలో ఉండిపోయారు. మనియార్డర్లు తప్పకుండా వచ్చేవి. రెండేళ్ళకోసారి మనిషి వచ్చేవాడు. 1979లో వచ్చినప్పుడు ఊరి చివర అరవై సెంట్లు కొన్నాడు. 1989లో ఇక వెళ్ళనని వచ్చేశాడు. 1994లో పోయాడు. నాకు గుర్తున్నది ఒక దగ్గు, ఒక చుట్ట వాసన.

నాకు బాగా గుర్తున్నవి పార్సిళ్ళు. తాత పోయాక కూడా పోర్టుబ్లెయిరు నుంచి ఎవరు ఊరొచ్చినా మా ఇంటికి ఒక మూట వచ్చేది. అందులో ఎండుచేపలు, పిల్లలకి గవ్వలు. ఒకసారి శంఖంతో చేసిన బెడ్‌లైటు వచ్చింది, ఇప్పటికీ షోకేసులో ఉంది. "ఎవరు పంపారు?" అంటే "పోర్టుబ్లెయిరోళ్ళు" అనేది నాయనమ్మ. తిరిగి వెళ్ళే మనిషి చేతికి ఆవకాయ జాడీ ఇచ్చేది. మూత చుట్టూ గుడ్డ కట్టి, ఓడలో నూనె ఒలక్కుండా.

ఇక 1987 సంగతి. తాత అక్కడ ఉండగానే చిన్నాన్న కూడా పనికని పోర్టుబ్లెయిరు వెళ్ళాడు. తాత అతన్ని తన దగ్గర ఉంచుకోలేదు. వేరే కాంట్రాక్టర్ దగ్గర పెట్టించి, వాళ్ళ షెడ్డులోనే పడుకోమన్నాడు. చిన్నాన్నకి అప్పుడు ఇరవై ఆరు. తెలుగువాళ్ళ గుడిలో శ్రీరామనవమి పందిట్లో ఒకమ్మాయిని చూశాడు. జంగ్లీఘాట్ వైపు ఉంటారట, తల్లీ కూతురే, మనవైపువాళ్ళే. నాలుగు నెలల తర్వాత ఇంటికి ఇన్‌లాండ్ లెటర్ రాశాడు: ఈ అమ్మాయిని చేసుకుంటాను, నాన్నకి నువ్వే చెప్పాలి అని.

నాయనమ్మకి చదువు రాదు. ఉత్తరం చదివింది నాన్న. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత జవాబు రాయమని ఒక్క వాక్యం చెప్పింది. "ఆ పిల్ల నీకు చెల్లి వరస అవుద్ది."

ఆ వాక్యం గురించి నేను చాలా ఆలోచించాను. మన భాషలో 'చెల్లి' అంటే ఒకటి, 'చెల్లి వరస' అంటే ఇంకొకటి. చెల్లి వరస అయ్యేవాళ్ళు ఊళ్ళో యాభైమంది ఉంటారు. పెదనాన్న తోడల్లుడి కూతురూ చెల్లి వరసే. ఎక్కడో ఎవరి ద్వారానో చుట్టరికం కలిసిందేమో అని నాన్న అనుకున్నాడు, రాసి పంపాడు. చదివినవాడికి కావలసినంత అర్థం అందులో ఉంది. అర్థం కానట్టు ఉండిపోదలుచుకుంటే దానికీ చోటుంది. నిజం చెప్పింది, పరువూ కాపాడింది, తాతని నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. ఇంత పని చేసే మాట ఇంకో భాషలో ఉందేమో నాకు తెలీదు.

చిన్నాన్న తర్వాతి ఓడకే వచ్చేశాడు. ఏమీ అడగలేదు. నాలుగేళ్ళకి పెళ్ళి చేసుకున్నాడు. మళ్ళీ ఓడెక్కలేదు.

ఇలాంటి కథలు మన సినిమాలకి కొత్త కాదు. 1979లో వచ్చిన 'అండమాన్ అమ్మాయి'లో అక్కినేని, వాణిశ్రీ. విడిపోయిన ప్రేమికులు, తండ్రెవరో తెలియక పెరిగిన కొడుకు, అన్నీ దీవిలో బయటపడతాయి. తమిళ 'అండమాన్ కాదలి'కి అది రీమేక్. నాయనమ్మ ఆ సినిమాకి రెండుసార్లు వెళ్ళిందని నాన్న చెప్పాడు. మామూలుగా సినిమాలకి వెళ్ళే మనిషి కాదు. అలాంటి సినిమాల్ని మెలోడ్రామా అని తేలిగ్గా కొట్టిపారేసే అలవాటు నాలాంటి విమర్శకులకి ఉంది. నాకు ఇప్పుడనిపించేది వేరు. ఆ కథల్లో అతిశయోక్తి సంఘటనల్లో లేదు. తండ్రి ఎదురుపడగానే కొడుకు అరుస్తాడు, ఏడుస్తాడు, లెక్క తేల్చుకుంటాడు చూడండి, అక్కడుంది. మా ఇంట్లో లెక్క ఎండుచేపలకీ ఆవకాయకీ మధ్య ఏళ్ళ తరబడి నడిచింది.

అది తేల్చాల్సిన రోజు భూమి వల్ల వచ్చింది. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు లైన్ల రోడ్డు పడింది. అటు భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పూలు పూసే అరవై సెంట్లు ఒక్కసారిగా 'బిట్టు' అయిపోయింది. ఒక పార్టీ కొంటానని వచ్చింది. తాత పేరున ఉన్న భూమి కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలన్నారు. విచారణకి వచ్చినాయన వరండాలో కూర్చుని, కాగితం తీసి, "పిల్లలెంతమంది మామ్మా?" అని అడిగాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆయనకి ముగ్గురు. నాకు ఇద్దరు," అంది నాయనమ్మ.

ఎవరూ మాట్లాడలేదు. చిన్నాన్న లేచి తోటలోకి వెళ్ళిపోయాడు.

"రాసుకో బాబూ. ఆ పిల్ల పేరు నాను సెప్తాను."

నాన్న ఆ రాత్రి గొడవ పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఇప్పుడెందుకు చెప్పావన్నాడు. నాన్నకి బాధ భూమి గురించి కాదు, కొంత అది కూడా. అన్నిటికంటే, ఆ వాక్యం తన చేత్తో రాయించారన్నది. నాయనమ్మ జవాబు చిన్నది. "అప్పుడు సెప్తే ఆడి బతుకు పోయేది. ఇప్పుడు సెప్పకపోతే దాని బతుకు పోద్ది. ఊరికి తెల్దేటి? నాకెప్పుడో తెలుసు."

లాయరు దగ్గరికి వెళ్ళాం. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదు. కానీ 16వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్ళిలో పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో హక్కుంటుంది. పిత్రార్జితంలో తండ్రికి వచ్చే వాటాలో కూడా అలాంటి పిల్లలకి భాగం ఉంటుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న చెప్పింది. "మీది తాతగారి స్వార్జితం, అంతదూరం వెళ్ళక్కర్లేదు. పెళ్ళి జరిగిందని మీ మామ్మగారే చెప్తున్నారు," అన్నాడాయన. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తలో పదిహేను సెంట్లు. అక్కడి పెద్దావిడకి మాత్రం చట్టంలో ఏ చోటూ లేదు. ఆవిడ అప్పటికే పోయింది.

చట్టం చేసిన ఈ విభజన నాకు న్యాయంగానే అనిపించింది. కానీ దానికి ఒక ఖరీదుంది, అది కట్టింది చిన్నాన్న. సర్టిఫికెట్ మీద ఆ మూడో పేరు అచ్చయిన రోజు, ముప్ఫై ఆరేళ్ళుగా 'వరస'గా ఉన్నది 'చెల్లి' అయిపోయింది. అర్థం కానట్టు ఉండే చోటు ఆయనకి లేకుండా పోయింది. పిన్నికీ, వాళ్ళ పిల్లలకీ కూడా తెలిసింది. రహస్యం బయటపడితే మనసు తేలికవుతుందని మనం కథల్లో రాస్తాం. ఎవరి మనసన్నది కూడా రాయాలి.

అత్తకి ఫోన్ చేసింది నేనే. నాయనమ్మ దగ్గర నంబరుంది. ఎవరని చెప్పుకోవాలో ముందే అనుకుని చేశాను. "అత్తా" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "నువ్వు పెద్దన్నయ్య కొడుకువా?" అంది. డబ్బు గురించి అడగలేదు. సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి పంపమంది. ఆవిడ స్కూలు కాగితాల్లో తండ్రి పేరు దగ్గర ఏదో మేనమామ పేరు రాయించారట. తాత పేరు కింద తన పేరున్న మొదటి కాగితం ఇదేనంది.

రిజిస్ట్రేషన్‌కి వచ్చింది. విమానంలో, ఒక్కతే. నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టింది. నాయనమ్మ ఆవిడ మొహం పట్టుకుని చూసి, "అచ్చం ఆడే," అంది. తిట్టో మెచ్చుకోలో తెలీలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో మా వంతు రావడానికి మధ్యాహ్నమైంది. ఒకే బెంచీ మీద ఈ చివర చిన్నాన్న, ఆ చివర అత్త, మధ్యలో నేనూ కాగితాల సంచీ. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తున్నారు.

చాలాసేపటికి చిన్నాన్న అటు తిరక్కుండానే అడిగాడు. "విశాఖ ఓడ ఇంకా నెలకోసారేనా?"

"అవునన్నయ్యా," అంది. "ఇప్పుడెవరూ ఎక్కరు."